లేని బొటనవేలు

ఏలూరు,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

ప్రియమైన పెర్సీకి,

ప్రభువు పేరిట నీకు అమ్మ ముద్దులు, నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అలా రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను, నువ్వు సగమే నమ్ము. నువ్వు "నేను బాగున్నానమ్మా" అని రాసినదాన్ని నేనూ సగమే నమ్మాను. మిగతా సగం సంగతి చివర్లో అడుగుతాను.

ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని మీ వెస్లీ బాబాయి నవ్వుతున్నాడు. నవ్వనీ. మనింట్లో ఫోను మాట్లాడితే గోడవతల అచ్చమ్మకే వినపడుతుంది, ఇక మంచం మీదున్న మీ నాన్నకు వినపడదా? నువ్వడిగినవి ఆయన ముందు చెప్పే జవాబులు కావు. పైగా ఫోనులో నువ్వు నా మాటకు అడ్డొస్తావు. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా వినాలి.

ముందు కబుర్లు. చేపల మార్కెట్లో నా బేరం బాగానే ఉంది. ముదినేపల్లి వైపు చెరువుల నుంచి బొచ్చెలు, శీలావతులు దండిగా వస్తున్నాయి. మొన్న కొత్తగా వచ్చిన వ్యాపారి ఒకడు నిన్నటి చేపని ఐసులో ముంచి ఇవాళ్టిదని నాకే అంటగట్టబోయాడు. నాకు! మొప్ప ఎత్తి చూపించాను. లోపల ఎరుపు చచ్చిపోయి మట్టిరంగు తిరిగింది. బుట్ట ఎత్తుకుని పోయాడు. ఇన్నేళ్ళుగా చేపలమ్మి నేను నేర్చుకున్న చదువు అదొక్కటేనమ్మా, మొప్ప ఎత్తి చూడనిదే దేన్నీ నమ్మకూడదు. మనుషులకి మొప్పలుండవు, అదే చిక్కు. మన చర్చి గంట తాడు తెగిపోయింది. కొత్తది వేస్తామని కమిటీవాళ్ళు అంటూనే ఉన్నారు. అనడానికేం, ఈలోగా మైకులో పిలుస్తున్నారు.

ఇక నీ ప్రశ్నలు. "నాన్న నొప్పి పదికి ఎంత ఉంటోంది?" అని అడిగావు. ఎవరికి చెప్పే అంకె కావాలి నీకు? డాక్టరు అడిగితే ఎనిమిదంటారు. నేనడిగితే అయిదంటారు. అచ్చమ్మ అడిగితే "ఏదో ఉందిలెండి, అంతగా లేదు" అంటారు. ఒకే చేపకి మనిషికో తూకం చెప్పేవాణ్ణి మార్కెట్లో ఏమంటారో నీకు తెలుసు. మీ నాన్నని ఆ మాట అనడానికి నోరు రాలేదు గానీ మనసులో అనుకున్నాను. ఒకసారి కాదు, రోజూ అనుకున్నాను.

నా అనుమానం ఎక్కడ మొదలైందో నీకు తెలియాలి. ముదినేపల్లి దగ్గర చెరువులో చేపల పట్టుబడికి వెళ్ళినప్పుడు వలలో జెల్ల చేప ముల్లు ఆయన ఎడమ పాదంలో దిగింది గదా. జెల్ల ముల్లు దిగితే ఎంత మొనగాడైనా గట్టుమీద కూలబడి తల్లిని తలుచుకుంటాడు. ఈయనేమో సాయంత్రం దాకా అదే కాలితో నీళ్ళల్లో నిలబడి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నారు. షుగరు వల్ల పాదం మొద్దుబారి ఉందని మాకెవరికి తెలుసు? నొప్పి లేదు కాబట్టి పుండు లేదనుకున్నాం. నల్లబడేదాకా చూసుకోలేదు. మోకాలి కింద దాకా తీసేశారు. ఇదంతా నువ్వు ఆస్పత్రిలో పక్కనే ఉండి చూసిందే. మరి చెప్పు, ఉన్నన్నాళ్ళూ ముల్లు దిగినా కిమ్మనని పాదం, పోయాక ఎలా మండుతుంది? ఉన్నప్పుడు లేని నొప్పి లేనప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది? నువ్వు పరిశోధన చేసేదానివి, నాకు తెలిసిన లెక్క ఇంతే.

ఇంటికొచ్చిన వారానికే మొదలుపెట్టారు. నేను మార్కెట్ నుంచి వచ్చి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటుంటే, "సువర్ణా, ఐసుపెట్టెలో ముక్కేమన్నా మిగిలిందా?" అన్నారు. దేనికండీ అంటే, "బొటనవేలు మండిపోతందే. కాస్త పెట్టవా" అని మంచం మీద ఖాళీగా ఉన్న దుప్పటి వైపు వేలు చూపించారు. అక్కడ దుప్పటి తప్ప ఏమీ లేదు పెర్సీ. నాకు ఏడుపు రావాలి. ఏడుపుకి బదులు ఒళ్ళు మండింది. పొద్దుటి నుంచీ తట్ట దగ్గర కూర్చుని వస్తే నాతో నాటకాలాడుతున్నారా అనిపించింది. అయినా ఐసుముక్క గుడ్డలో చుట్టి దుప్పటి మీద పెట్టాను. "ఇంకొంచెం పైకి" అన్నారు. పైకి జరిపాను. "ఆఁ, అక్కడ" అన్నారు. దుప్పటి తడిసింది, ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం ఆయన మొహంలో ఎక్కడన్నా నవ్వు దాక్కుందేమోనని వెతికాను.

అచ్చమ్మ సలహా ఒకటి ఉంది, అది కూడా విను. తీసేసిన కాలిని వెస్లీ అడిగి తెచ్చి మన సమాధుల దొడ్డిలో పూడ్చాడు కదా, అందులో వేళ్ళు మడత పడి ఉంటాయట. మళ్ళీ తవ్వి, వేళ్ళు సాపుగా తీసి పూడిస్తే నొప్పి పోతుందట. వాళ్ళ మేనమామకి అలాగే పోయిందట. నాకు వెస్లీ మీద అనుమానం వచ్చింది, వాడు ఏ పనీ కుదురుగా చేయడు. పిలిచి అడిగాను. "వదినా, అన్నయ్య కాల్ని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టానండీ. మీకు నామీద కూడా అనుమానమేనా?" అని వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్కడితో ఊరుకున్నాను. తవ్వించలేదు, భయపడకు.

నువ్వు పోయిన ఉత్తరంలో నొప్పి చరిత్రంతా రాశావు. రెండుసార్లు చదివాను. మొదటిసారి నీమీద ప్రేమతో, రెండోసారి తప్పులు పట్టడానికి. ఎప్పుడో కొన్ని వందల ఏళ్ళ కిందట ఫ్రెంచివాడొకాయన, కాలికి నిప్పు తగిలితే లోపల తాడు లాగినట్టయి మెదడులో గంట మోగుతుందన్నాడని రాశావు. మన చర్చి గంట తాడు తెగి ఇన్నాళ్ళయింది, ఒక్కసారైనా దానంతటది మోగిందా? ఆ తర్వాతవాళ్ళు, కాదు, నొప్పికని వేరే సన్న నరాలున్నాయి, చురుక్కుమనే కబురు ముందొస్తుంది, సలుపు కబురు వెనక నడిచొస్తుంది అన్నారన్నావు. అది ఒప్పుకుంటాను. కత్తిపీట వేలికి తగిలినప్పుడు నాకూ అంతే. ఆ తర్వాత ఇంకో ఇద్దరు, వెన్నులో చెరువు తూములాంటి తలుపుంది, దెబ్బ మీద రుద్దితే తలుపు మూసుకుంటుంది, పైనుంచి మెదడు కూడా మూయించగలదు అన్నారన్నావు. ఇప్పటివాళ్ళేమో నొప్పి కాల్లోనే లేదు, మెదడు తయారుచేసే వంట అంటున్నారట. ఒక మాట మీద నిలబడరేమిటమ్మా మీవాళ్ళు? పోలీసు స్టేషన్లో ఇన్నిసార్లు మాట మారిస్తే లోపల వేస్తారు.

నీ ఎలకల సంగతి కూడా నాకు మింగుడు పడలేదు. అరికాలి కింద వేడి పెట్టి, ఎంతసేపటికి కాలెత్తుతుందో చూస్తామన్నావు. బాగానే ఉంది, ఎలక అబద్ధం చెప్పదు, కాలెత్తేస్తుంది. మీ నాన్నకి ఎత్తడానికి ఆ కాలేదీ? ఆయన చెప్పిన మాట తప్ప నాకు వేరే సాక్ష్యం లేదు. ఆ మాటేమో మనిషికో రకంగా ఉంది.

పీకల మీదకొచ్చిన సంగతి ఇప్పుడు చెబుతాను, నీకు సగం తెలుసు. కాలు తీసిన ఏలూరు సర్జను గారు మళ్ళీ కోయాలంటున్నారు. నరం కొసన గడ్డకట్టి ఉండొచ్చట. మోకాలి పైదాకా తీసి సరిచేస్తే నొప్పి తగ్గొచ్చట. ఉండొచ్చు, తగ్గొచ్చు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. మోకాలుంటే కట్టుడు కాలితో చక్కగా నడవొచ్చని, చెరువు గట్టుమీదకి మళ్ళీ వెళ్ళొచ్చని మీ నాన్న ఆ మోకాలి మీదే ఆశ పెట్టుకున్నారు. రోజూ దాన్ని నిమురుకుంటారు. తాడేపల్లిగూడెం నొప్పుల డాక్టరు గారేమో, ముందు మాత్రలూ అద్దంతో చేసే కసరత్తూ పనిచేస్తున్నాయో లేదో చూద్దాం, తగ్గుతుంటే కోత వద్దు, తగ్గకపోతే ఆలోచిద్దాం అన్నారు. వచ్చే బుధవారం ఏదో ఒకటి చెప్పాలి. అందుకే కదా నువ్వు "మందుతో ఎంత తగ్గుతోందో నీ కళ్ళతో చూసింది రాయమ్మా, నీ మాట మీదే నేను డాక్టర్లతో మాట్లాడతాను" అని రాశావు. నా మాట మీద మీ నాన్న మోకాలు ఆధారపడి ఉందన్నమాట. అది చదివాక నాకు అన్నం సహించలేదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

తాడేపల్లిగూడెం వెళ్ళిన రోజు సంగతి నీకు ఫోనులో పొడిపొడిగా చెప్పాను. నొప్పులకే ఒక డాక్టరంటే మొదట నేను నమ్మలేదు. పంటికి డాక్టరు, కంటికి డాక్టరు అంటే సరే. నొప్పికి డాక్టరేమిటి, రేపు దిగులుకి కూడా బోర్డు పెడతారు అనుకున్నాను. పాసింజరెక్కి భీమడోలు, పూళ్ళ దాటేదాకా మీ నాన్నతో అదే గొణుగుతూ ఉన్నాను. సత్యనారాయణమూర్తి గారని, నెమ్మదైన మనిషి. "అమ్మా, కాలు పోయింది గానీ మెదడులో ఆ కాలి బొమ్మ పోలేదండి. దానికి కింద నుంచి కబురు అందట్లేదు, అందుకని గోల పెడుతోంది. అద్దంలో రెండో కాలు చూపిస్తే కొందరికి సర్దుకుంటుందండి" అన్నారు.

"అంటే మెదడుని మోసం చేయమంటారా అండీ?" అన్నాను.

"మోసం కాదమ్మా. సర్దిచెప్పడం."

"రెంటికీ తేడా ఏమిటండీ?"

ఆయన నవ్వి, "కొంచెమేనండి" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయన్ని కాస్త నమ్మాను.

ఇంటికొచ్చాక వెస్లీ మన బీరువా తలుపుకున్న అద్దం ఊడదీసి, మంచం మీద ఆయన కాళ్ళ మధ్య నిలువుగా నిలబెట్టాడు. అద్దం మొహం కుడికాలి వైపు. మీ నాన్న తల ఎడమవైపుకి, గోడకేసి తిప్పి, అద్దంలోకి చూస్తూ కుడికాలి వేళ్ళు ఆడిస్తారు. అద్దంలో పోయిన కాలే ఆడుతున్నట్టుంటుంది. మొదటిరోజు అది చూసి ఆయన "ఒసే, వచ్చిందే!" అని అరిచారు. నేను వంటగదిలోకి పోయి చీర చెంగుతో మొహం తుడుచుకున్నాను. అప్పట్నుంచీ రోజూ దీపాలు పెట్టేవేళకి ఆయన అద్దం ముందు, నేను ఆయనకి కుడిపక్క ఉన్న వంటగదిలో. నాకు ఆయన తల వెనకభాగమే కనిపిస్తుంది.

ఇప్పుడు నేను దాచిన సంగతి.

డాక్టరు గారు పొద్దున ఒకటి, పడుకునే ముందు ఒకటి గొట్టం మాత్ర రాశారు. మరీ తట్టుకోలేకపోతే సాయంత్రం ఇంకొకటి వేసుకోవచ్చన్నారు. ఈయన ఆ మూడోది రోజూ అడగడం మొదలుపెట్టారు. దీపాలవేళ అయ్యేసరికి కాలుగాలిన పిల్లిలా తల అటూ ఇటూ తిప్పుతూ, "మాత్రేదే, మాత్రేదే" అని ఒకటే పాట. నాకు మా ప్రసాదరావన్నయ్య గుర్తొచ్చాడు. నడుం నొప్పని మాత్రలు మొదలుపెట్టి, నొప్పి పోయాక కూడా మాత్రలు మానలేక ఎలా పోయాడో నీకు తెలుసు. మీ నాన్న ఒకప్పుడు తాగేవారు, ప్రభువు దయవల్ల మానేశారు. తాగుడు పోయి ఆ చోటులో ఈ మాత్ర కూర్చుందేమో, లేని కాలిని అడ్డం పెట్టుకుని అడుగుతున్నారేమో అనిపించింది. అనుమానం వచ్చాక నేను నిలవగలనా? చేపకైతే మొప్ప ఎత్తుతాను. ఈయనకి మొప్ప ఎక్కడుంది?

ఒక సాయంత్రం ఆయన అద్దం వైపు తిరిగి ఉండగా, ఆ గొట్టం మాత్రని రెండు ముక్కలుగా లాగి, లోపలి మందు తూములో పోసేసి, వరిపిండి కూరి మళ్ళీ మూశాను. పొద్దుటిదీ పడుకునే ముందుదీ ముట్టుకోలేదు, ఆ మూడోదే. పట్టుకెళ్ళి ఇచ్చాను. పక్కనే కూర్చున్నాను. నీళ్ళిచ్చాను. మింగేదాకా చూశాను. మింగాక కూడా ఆయన మొహంలోంచి కన్ను తీయలేదు. కాసేపటికి కనుబొమల మధ్య ముడి విడిపోయింది. "హమ్మయ్య. తగ్గిందే" అన్నారు.

నాకు ఎంత సంబరమో చెప్పలేను, సిగ్గులేకుండా రాస్తున్నాను. పట్టుకున్నాను దొంగని! వరిపిండికి తగ్గే నొప్పి నొప్పా? మర్నాడూ అలాగే చేశాను, ఆ మర్నాడూ. ప్రతి సాయంత్రం పక్కన కూర్చోవడం, మొహంలోకి చూడటం, "హమ్మయ్య" అనిపించుకోవడం. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నీకు రాయాలని కాగితం కూడా తీశాను, "మీ నాన్నకి నొప్పీ లేదు, గిప్పీ లేదు, కోతా వద్దు మాత్రా వద్దు, మనల్ని ఆడిస్తున్నారు" అని. ఆ రోజే నీ ఇంకో ఉత్తరం వచ్చింది.

అందులో నువ్వు పన్ను పీకించుకున్నవాళ్ళ కథ రాశావు. మన ఒంట్లోనే నల్లమందులాంటి మందు ఊరుతుందని ఒక యాభై ఏళ్ళ కిందట కనిపెట్టారని, పన్ను పీకాక కొందరికి మందు బదులు ఉత్త నీళ్ళు ఎక్కించినా నొప్పి తగ్గిందని, అదంతా వాళ్ళ ఊహ అనుకున్నవాళ్ళు నల్లమందుకి విరుగుడు ఇచ్చి చూస్తే ఆ తగ్గిన నొప్పి మళ్ళీ తిరిగొచ్చిందని. అంటే ఉత్త నీళ్ళకి తగ్గింది ఊహ కాదు, ఒళ్ళు నిజంగానే మందు తయారుచేసుకుందని. మళ్ళీ చదివాను. ఎక్కడన్నా తప్పు దొరుకుతుందేమోనని మూడోసారి చదివాను. వాళ్ళ పళ్ళు, వాళ్ళ నోళ్ళు, ఎవరికి తెలుసు అనుకుందామని చూశాను. కింద నువ్వు ఇంకో వాక్యం రాశావు, "మందు కావొచ్చు, ఉత్తదీ కావొచ్చు అని వాళ్ళకి ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేస్తారమ్మా" అని. వాళ్ళకి చెప్పి చేశారు. నేను చెప్పకుండా చేశాను. కట్టుకున్నవాడి మీద, ఎలక మీద చేసినట్టు చేశాను.

పోనీ ఎవరికీ చెప్పకుండా మింగేద్దామా అనుకున్నాను. కానీ బుధవారం వస్తోంది. మాత్రకి తగ్గుతోందని డాక్టరుకి చెబితే అది అబద్ధం, లోపల ఉన్నది పిండి. తగ్గట్లేదని చెబితే అదీ అబద్ధం, పైగా మోకాలు పోతుంది. ఎటు చూసినా ఆయన మోకాలే. నిన్న సాయంత్రం అద్దం ముందు కూర్చున్నప్పుడు వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఏవండీ, మీకొక మాట చెప్పాలండీ. ఆ సందేళ మాత్రలో మందు లేదు. నేనే తీసేసి వరిపిండి పెట్టాను."

ఆయన అద్దంలోంచి చూపు తిప్పలేదు. కాలివేళ్ళు ఆడిస్తూనే, "తెల్సు" అన్నారు.

"ఎలా తెలుసండీ?"

"ఈ అద్దంలో నా కాలొక్కటే కనపడుద్దనుకున్నావా? పొయ్యిగట్టు కనపడుద్ది. పిండి డబ్బా కనపడుద్ది. పెదాలు బిగబట్టి పిండి కూరతా నువ్వూ కనపడతావు. మొదటిరోజే చూశాను."

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. నేను ఆయన్ని పట్టుకున్నాననుకుంటే, ఆయన నన్ను పట్టుకుని నోరు మెదపకుండా కూర్చున్నారు. ముందు సిగ్గేసింది, వెంటనే కోపమొచ్చింది.

"తెలిసి ఎందుకు మింగారు? తగ్గిందని అబద్ధమెందుకు చెప్పారు?"

"అబద్ధం కాదే. తగ్గింది."

"పిండికి తగ్గిందా?"

"పిండికో, దేనికో, నాకేం తెల్సు. అమ్మాయి చదూకుంది, దాన్నడుగు." ఆయన అప్పుడు నావైపు తిరిగారు. "ఇదివరకు మాత్ర నా చేతిలో పడేసి తట్టలు కడుక్కోడానికి పోయేదానివి. పిండి పెట్టిన కాణ్ణించీ పక్కన కూర్చుంటన్నావు. నీళ్ళిస్తన్నావు. నా మొహంలోకే చూస్తన్నావు. కాలు పోయిన కాణ్ణించీ నా మొహంలోకి ఎవరూ చూట్టం లేదే. వచ్చినోళ్ళందరూ కిందకే చూస్తారు. నువ్వూ అంతే."

"ప్రేమతో చూశాననుకున్నారా? మిమ్మల్ని పట్టుకుందామని చూశానండీ. అనుమానంతో."

"అదీ తెల్సు" అన్నారు. "అయినా చూశావుగా."

పెర్సీ, మంచం మీద కూర్చుని ఏడ్చాను. అచ్చమ్మ గోడ మీంచి తొంగిచూసి "ఏమైందమ్మా?" అంటే, "ఉల్లిపాయలు" అన్నాను. చేతిలో ఉల్లిపాయ లేదు, కత్తిపీటా లేదు. అది నమ్మి ఉండదు, మనింటి గాలే దానికీ సోకింది.

కాస్త తేరుకున్నాక అడిగాను. "సరే, ఇప్పుడు నిజం చెప్పండి. పదికి ఎంత?"

"నీకా? డాక్టరుకా?"

"నాకే."

"మాత్ర ముందు ఎనిమిది. నువ్వొచ్చి కూర్చున్నాక ఆరు. ఒక్కోరోజు అయిదున్నర."

"మరి నాకెప్పుడూ అయిదనే చెబుతారేం?"

"నువ్వు తట్ట మోసుకొచ్చి మెడ పట్టుకుని కూలబడతావు. ఎనిమిదని చెప్తే నువ్వెక్కడ పెట్టుకుంటావే?"

నేను తప్పుడు తూకం అనుకున్న అంకె అదమ్మా. నాకు బరువు తగ్గించడానికి ఆయన కాటా మీంచి తీసేసిన మూడు.

కాబట్టి నీ ప్రశ్నకి నా జవాబు రాసుకో. నొప్పి ఎనిమిది, అది నిజం. సాయంత్రాలు తగ్గడమూ నిజం, అయితే అది మందుకి కాదు, లోపల ఉన్నది వరిపిండి. పొద్దుటి మాత్ర ఎంత పనిచేస్తోందో, అద్దం ఎంత పనిచేస్తోందో నాకు తెలియదు, నా తెలివితక్కువతనం వల్ల అంతా కలగాపులగం అయింది. బుధవారం తాడేపల్లిగూడెం వెళ్ళి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మూర్తిగారికి పిండితో సహా మొత్తం చెప్పేస్తాను. తిడితే పడతాను. కోతకి మాత్రం ఇప్పుడే ఒప్పుకోవద్దని నువ్వు కూడా ఆ సర్జను గారితో మాట్లాడు. వరిపిండికీ మనిషి పక్కనుండటానికీ రెండు అంకెలు దిగే నొప్పికి ముందు చేయాల్సినవి ఇంకా ఉండి ఉంటాయి. కత్తి ఎక్కడికీ పారిపోదు.

ఒక అనుమానం నాకింకా తీరలేదు, రాయకపోతే నిద్రపట్టదు. పిండి అని తెలిసి కూడా తగ్గుతుందా? పన్నువాళ్ళకి ఏది ఎక్కించారో తెలియదు. ఈయనకి తెలుసు. తెలిసీ ఒళ్ళు మందు ఊరించుకుంటుందా, లేక నన్ను ఏడిపించడం ఇష్టంలేక అలా అన్నారా? దీనిమీద మీవాళ్ళు ఎవరైనా పరిశోధన చేశారేమో కనుక్కుని రాయి. చేయకపోతే నువ్వే చెయ్యి. మీ నాన్న సిద్ధంగా ఉన్నారు, ఎలకలకంటే నయం, మాటన్నా చెబుతారు. ఈ ఉత్తరం రాస్తుండగానే పొద్దు వాలింది, ఇందాకే ఆయన "నీ పిండి మాత్ర ఏదే, దీపాలవేళ అవుతంది" అని కేకేశారు. మందు మాత్ర ఇవ్వనా అంటే వద్దన్నారు. ఆయన చూస్తుండగానే, ఆయన పక్కనే కూర్చుని పిండి కూరాను. "ఇంకొంచెం పెట్టు, పిసినారీ" అన్నారు.

ఇక నీ సంగతి. "బాగున్నాను, ల్యాబులో అందరూ మంచివాళ్ళే, ఏ ఇబ్బందీ లేదు" అని రాశావు. నీ ఉత్తరం చివరి పేజీలో సిరా అలుక్కుపోయి ఉంది. పక్కన "టీ ఒలికిందమ్మా" అని రాశావు. టీ ఒలికితే కాగితం మీద ఎర్రటి మరక ఉంటుంది, ఆ పేజీ మీద అదేమీ లేదు. ఇంకో మాట. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నువ్వు టీ ముట్టవు. కన్నతల్లికి తెలియదనుకున్నావా?

మొదట దీన్ని అనుమానంతోనే చూశాను. అబద్ధం పట్టుకున్నానని కూడా అనుకున్నాను. నిన్న సాయంత్రం తర్వాత మళ్ళీ ఆ పేజీ తీసి చూశాను. నువ్వు మీ నాన్న కూతురివే. నేను మోయలేనని అనుకుని నువ్వు కూడా కాటా మీంచి ఏదో తీసేశావు.

నేను మోస్తాను. తట్ట మోసిన మెడే కదా. తిరుగు టపాలో ఒక్క ముక్క రాయి. నీకు పదికి ఎంత? అమ్మకి చెప్పే అంకె వద్దు. డాక్టరుకి చెప్పే అంకె రాయి.

ఇట్లు,
ఏ అంకె రాసినా నీ పక్కన వచ్చి కూర్చునే
మీ అమ్మ,
సువర్ణ